డిజిటల్ పోర్ట్‌ఫోలియోలు: పిల్లల చదువును పిల్లల చేతికే అప్పగించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ చెన్నైలో పెరుగుతున్న పిల్లలకు నేను తెలుగు చెబుతాను. కొన్నేళ్లుగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లల చేత డిజిటల్ పోర్ట్‌ఫోలియోలు పూర్తి స్థాయిలో తయారు చేయిస్తున్నాం. ప్రతి జూన్‌లో కొత్తగా వచ్చిన తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు కనుక, మా అనుభవంలో నిలిచిన జవాబులను ఇక్కడ ఒక చోట రాసి పెడుతున్నాను.

డిజిటల్ పోర్ట్‌ఫోలియో అంటే ఏమిటి?

విద్యార్థి తాను చేసిన పనుల్లోంచి కొన్నింటిని తానే ఏరుకుని, వాటిని ఎందుకు ఏరుకున్నాడో తన మాటల్లో రాసి లేదా చెప్పి, ఏడాది పొడవునా ఒక చోట భద్రపరచుకునే సంపుటిని పోర్ట్‌ఫోలియో అంటాం. కాగితాల ఫైలుకు బదులు అది కంప్యూటర్‌లోనో ఆన్‌లైన్ ఖాతాలోనో ఉంటే డిజిటల్ పోర్ట్‌ఫోలియో అవుతుంది. దీనివల్ల కాగితం మీద నిలవని పనులకు కూడా చోటు దొరుకుతుంది. పద్యం చదివిన గొంతు, ప్రయోగం జరుగుతుండగా తీసిన వీడియో, మట్టితో చేసి మర్నాటికే పగిలిపోయిన బొమ్మ కూడా అందులో ఉండవచ్చు.

మా బడిలో ప్రతి కార్యక్రమానికీ ఫోటోలు తీసి తల్లిదండ్రులకు పంపిస్తూనే ఉన్నాం. అది పోర్ట్‌ఫోలియో కాదా?

కాదు. స్వాతంత్ర్య దినోత్సవం నాడు వేసిన వేషం, వార్షికోత్సవంలో వేసిన డాన్సు బడికి సంబంధించిన జ్ఞాపకాలు. వాటికి విలువ ఉంది, కానీ వాటిని ఎంచుకున్నది ఉపాధ్యాయుడు, తీసింది ఫోటోగ్రాఫరు, చూసి మురిసిపోయేది తల్లిదండ్రులు. ఈ మొత్తం వ్యవహారంలో పిల్లవాడు నిర్ణయించింది ఏదీ లేదు. పోర్ట్‌ఫోలియోలో ఉన్న ఏ పని గురించైనా పిల్లవాణ్ణి పక్కకు పిలిచి అడిగితే, ఎవరి వైపూ చూడకుండా రెండు నిమిషాలు మాట్లాడగలగాలి. మాట్లాడలేకపోతే ఆ పని అందులోకి ఎలా వచ్చిందో మనం ఆలోచించుకోవాలి.

చదువు తనది అన్న భావన పిల్లలకు పోర్ట్‌ఫోలియో వల్లే ఎందుకు వస్తుంది? నోటుపుస్తకం వల్ల రాదా?

నోటుపుస్తకం ప్రయాణం ఎలా సాగుతుందో చూడండి. బోర్డు మీద ఉన్నది పిల్లవాడు ఎక్కించుకుంటాడు, ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో టిక్కు పెడతాడు, అవసరమైన చోట తల్లిదండ్రులు సంతకం చేస్తారు, మే నెలలో ఆ పుస్తకాలన్నీ పాత పేపర్లు కొనేవాడి తక్కెడలో కిలోల లెక్కన వెళ్లిపోతాయి. ఏడాది మొత్తంలో ఒక్కసారైనా పిల్లవాడు జూన్ నాటి పేజీనీ ఫిబ్రవరి నాటి పేజీనీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడా? తాను ఎదిగాడో లేదో అతనికి మార్కుల జాబితా చెప్పాలి తప్ప, తన పని తనకు చెప్పదు.

దీనికి భిన్నమైన పుస్తకం ఒకటి మన ఇళ్లలోనే ఉండేది. మా అమ్మమ్మ దగ్గర ఒక ముగ్గుల నోటుపుస్తకం ఉండేది. ప్రతి ముగ్గు పక్కన పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వచ్చే వరకు అని లెక్క, ఎవరి వాకిట్లో చూసి నేర్చుకుందో ఆ పేరు, ఎక్కడైనా గీత తప్పితే మర్నాడు సరిచేసుకున్న గుర్తు ఉండేవి. ఆమెకు నచ్చని ముగ్గు అందులోకి వచ్చేది కాదు. ఆ పుస్తకానికి ఎవరూ మార్కులు వేయలేదు, అయినా ఆమె నలభై ఏళ్లకు పైగా దాన్ని దాచుకుంది. నాకు పోర్ట్‌ఫోలియో అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది ఆ పుస్తకమే. ఏది ఉండాలో ఆమె నిర్ణయించింది, ఎందుకు ఉందో ఆమెకు తెలుసు, తన తప్పును తానే పట్టుకుంది. పిల్లలకు ఈ మూడు అధికారాలూ ఇవ్వకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఇచ్చినా ప్రయోజనం ఉండదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న నిరాహార దీక్ష మొదలుపెట్టి, 58వ రోజున, డిసెంబరు 15న ఆయన కన్నుమూసింది అక్కడే. తొమ్మిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి, వచ్చాక వ్యాసం రాయమన్నాం. ఒక అబ్బాయి మొదటి చిత్తుప్రతిలో తేదీలన్నీ తప్పు లేకుండా ఉన్నాయి కానీ, ఆ వ్యాసం రాయడానికి మైలాపూరు దాకా వెళ్లనక్కర్లేదు. నువ్వు అక్కడ నిలబడి చూసింది ఇందులో ఎక్కడ ఉంది అని మాత్రం అడిగాను. రెండో ప్రతిలో, బస్సుల హోరు మధ్య ఆ భవనం ముందు తాను నిలబడి ఉండగా, తనకు రోజూ ఇంట్లో వినిపించే భాష కోసం ఒక మనిషి అన్నం మానేశాడని తమిళ స్నేహితుడికి వివరించడానికి పడ్డ ఇబ్బంది రాశాడు. ఆ అబ్బాయి తన పోర్ట్‌ఫోలియోలో రెండు ప్రతులనూ పెట్టుకున్నాడు. మొదటిది ఎందుకు ఉంచావని అడిగితే, అది లేకపోతే రెండోది ఎంత మారిందో తెలియదు కదా మిస్ అన్నాడు. ఎర్ర సిరాతో నేను ఎన్నేళ్లు రాసినా చెప్పలేని సంగతి అది.

ఏ తరగతి నుంచి మొదలుపెట్టవచ్చు?

ఒకటో తరగతి పిల్ల కూడా నాలుగు బొమ్మల్లో తనకు నచ్చినదాన్ని చూపించి, ఎందుకు నచ్చిందో చెప్పగలదు. ఆ మాటను పెద్దవాళ్లు రికార్డు చేస్తే చాలు. ఖాతా నిర్వహణ, ఫైళ్లకు పేర్లు పెట్టడం వంటివి ఐదారు తరగతులకు ముందు పిల్లల మీద వేయకపోవడం మంచిది. మేము ఆరో తరగతిలో మొదలుపెట్టడానికి కారణం ఆ వయసులో పిల్లలకు పాత పనిని వెనక్కి తిరిగి చూసే ఓపిక కొంత వస్తుందని, దానితో పాటు పై తరగతుల పరీక్షల ఒత్తిడి ఇంకా మొదలు కాలేదని.

పిల్లలు ఏం పెట్టాలో తేల్చుకోలేకపోతే ఏం చేయాలి?

మొదటి రెండు నెలలు ఇది తప్పదు. ఇష్టం వచ్చింది పెట్టుకోమంటే చాలా మంది ఎక్కువ మార్కులు వచ్చిన పేపరే పెడతారు, ఎందుకంటే ఏది మంచిదో ఇంతకాలం వారికి మార్కులే చెప్పాయి. అందుకని ఎంపికకు ఒక దారి చూపించాలి. ఈ నెలలో నిన్ను బాగా కష్టపెట్టిన పని ఏది, మళ్లీ చేసే అవకాశం ఇస్తే మార్చాలనిపించే పని ఏది, ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు చేసినది ఏది వంటి ప్రశ్నల్లో ఒకటి ఇస్తాం. ఒకసారి ఒకటే. అన్నీ కలిపి ఇస్తే అది మరో హోంవర్కు అయిపోతుంది.

ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి శిల్పాలను చూసి వచ్చాక ఒక అమ్మాయి, నునుపైన తామర పువ్వుల బొమ్మను పక్కన పెట్టి, సగం గీసి వదిలేసిన ఒక బొమ్మను ఎంచుకుంది. రాతి మీద అంత మంది మనుషులను ఒకరి వెనక ఒకరిని ఎలా ఇరికించారో తనకు అర్థం కాలేదని, ఆ అర్థం కానితనం గుర్తు ఉండాలని చెప్పింది. అలాంటి ఎంపిక వచ్చిన రోజున తరగతిలో మిగతా పిల్లలకు కూడా, అసంపూర్తి పనికి కూడా ఇందులో చోటు ఉందని తెలిసింది. ఆ తర్వాత నేను విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

ప్రతి పని కింద పిల్లలు రాసే కారణం "నాకు నచ్చింది, చాలా బాగుంది" దగ్గరే ఆగిపోతోంది. దాన్ని లోతుగా ఎలా చేయించాలి?

ముందుగా, వారు ఏ భాషలో ఆలోచిస్తున్నారో చూడండి. మా పిల్లల్లో చాలా మందికి ఇంగ్లీషులో రాయమంటే మూడు వాక్యాలు వస్తాయి, అదే సంగతి తెలుగులో నోటితో చెప్పమంటే ఆగకుండా చెబుతారు. ఆ తెలుగులో తమిళం కలుస్తుంది, ఇంగ్లీషు కలుస్తుంది, నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి వచ్చిన తాతల యాస కూడా వినిపిస్తుంది. అలాగే ఉండనివ్వండి. కారణం చెప్పే చోట భాషను దిద్దితే పిల్లవాడు కారణం చెప్పడం మానేసి, తప్పు దొర్లకుండా చూసుకోవడం మొదలుపెడతాడు. వ్యాకరణం దిద్దడానికి వేరే పీరియడ్లు ఉన్నాయి.

రెండోది, ప్రశ్న చిన్నదిగా ఉండాలి. ఈ పని గురించి నీ అభిప్రాయం రాయి అంటే ఎవరికైనా ఏం రాయాలో తోచదు. ఈ లెక్కలో ఏ మెట్టు దగ్గర ఆగిపోయావు, అక్కడి నుంచి ఎలా బయటపడ్డావు అని అడిగితే జవాబు దానంతట అదే వస్తుంది. మూడోది మోడల్. పిల్లల ముందు మీరు కూడా మీ పనిని ఒకటి పెట్టండి. నేను పాఠం చెప్పిన ఒక రోజు పద్ధతి ఎందుకు పని చేయలేదో నా పోర్ట్‌ఫోలియోలో రాసి వారికి చదివి వినిపించాను. టీచరు కూడా తప్పు చేస్తుందని, చేసిన తప్పును రాసిపెట్టుకుంటుందని తెలిశాక వారి రాతలు మారాయి.

ఉపాధ్యాయుడి పాత్ర ఏమిటి? అన్నీ పిల్లలే చేస్తే మేమెందుకు?

నిజానికి పని పెరుగుతుంది, కాకపోతే పని స్వభావం మారుతుంది. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు కూర్చున్నా 200 నిమిషాలు, అంటే నలభై నిమిషాల పీరియడ్లు ఐదు కావాలి. అందరినీ ఒకే వారంలో చూడాలనుకుంటే మూడో వారానికే ఉత్సాహం ఆవిరైపోతుంది. మేము పదిహేను రోజులకు ఒక పీరియడు కేటాయించి, ఆ పీరియడులో ఎనిమిది మందితో మాత్రమే మాట్లాడతాం. మిగతావారు ఆ సమయంలో తమ పనులను ఏరుకుంటారు లేదా పక్కవాడి పని చూసి ఒక ప్రశ్న రాస్తారు. ఈ లెక్కన ఒక్కో విద్యార్థికి రెండున్నర నెలలకు ఒకసారి వంతు వస్తుంది, ఏడాదిలో నాలుగు సార్లు కూర్చోగలుగుతాం. టైంటేబుల్‌లో ఈ పీరియడు అచ్చయి ఉండాలి. తీరిక ఉన్నప్పుడు చేద్దాం అనుకున్న చోటల్లా అది ఆగస్టు దాటి నడవలేదు.

దీనికి మార్కులు వేయవచ్చా?

సీబీఎస్‌ఈ పదో తరగతిలో అంతర్గత మూల్యాంకనానికి ఉన్న 20 మార్కుల్లో 5 పోర్ట్‌ఫోలియోకు కేటాయించింది, కాబట్టి ఆ బోర్డు బడుల్లో వేయక తప్పదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ప్రోగ్రెస్ కార్డులో ఉపాధ్యాయుడి అంచనాతో పాటు విద్యార్థి తనను తాను వేసుకునే అంచనా, తోటివారి అంచనా ఉండాలని చెప్పింది. తమిళనాడు ప్రభుత్వం ఆ విధానాన్ని అంగీకరించకుండా 2025 ఆగస్టులో పాఠశాల విద్యకు తన సొంత విధానాన్ని విడుదల చేసింది. అందువల్ల చెన్నైలో మీ పిల్లల బడి ఏ బోర్డుకు చెందినదో దాన్ని బట్టి నిబంధనలు మారతాయి.

నిబంధనల సంగతి అలా ఉంచి, నా అభిప్రాయం అడిగితే మార్కులు పోర్ట్‌ఫోలియోకు చీడ లాంటివి. సీబీఎస్‌ఈ 2009లో నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని తెచ్చినప్పుడు ఉద్దేశం మంచిదే. కానీ ప్రతి ప్రాజెక్టుకూ మార్కులు ఉండడంతో, స్టేషనరీ దుకాణాల్లో రెడీమేడ్ చార్టులు అమ్మడం, అర్ధరాత్రి దాకా తల్లులు థర్మోకోల్ కోయడం మేమందరం చూశాం. పని పిల్లల చేతిలోంచి జారిపోయింది. 2017-18 నుంచి పదో తరగతికి బోర్డు పరీక్ష మళ్లీ తప్పనిసరి అయింది, ఆ పద్ధతి అక్కడితో ఆగిపోయింది.

అయిదు మార్కులు తప్పనిసరిగా వేయాల్సిన చోట, పని ఎంత అందంగా ఉందో చూడకండి. ఎంపికకు కారణం స్పష్టంగా ఉందా, తిరగరాసిన ఆనవాలు ఉందా అనే చూడండి. ముందు విద్యార్థినే వేసుకోమనండి. మా అనుభవంలో చాలా మంది తమకు తాము తక్కువే వేసుకుంటారు, అక్కడి నుంచి మొదలయ్యే మాటలే అసలు పాఠం.

తల్లిదండ్రులు సాయం చేయవచ్చా?

వినడం వరకు చేయవచ్చు. బొమ్మకు రంగు సరిదిద్దడం, రాసిన వాక్యాన్ని మెరుగుపరచడం, బాగా లేదని ఒక పనిని తీసేయించడం సాయం కాదు. అది పిల్లవాడి చేతిలోని బలపాన్ని మనం లాక్కోవడమే అవుతుంది. మా బడిలో ఒక తల్లి తన కూతురు పెట్టిన నలభై మార్కులే వచ్చిన పేపరును చూసి, బంధువులు చూస్తే ఏమనుకుంటారని బాధపడ్డారు. ఆ పేపరు కింద ఆ అమ్మాయి భిన్నాల కూడిక ఎక్కడ తప్పిందో తానే కనుక్కుని రాసిన అర పేజీ ఉంది. దాన్ని ఆమెకు చదివి వినిపించమని అమ్మాయినే అడిగాం. తర్వాత ఆ పేపరును తీసేయమని ఆమె అడగలేదు.

పేరెంట్స్ మీటింగులో దీన్ని ఎలా వాడుకోవచ్చు?

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. సాధారణంగా ఆ మీటింగులో ఉపాధ్యాయుడు మాట్లాడతాడు, తల్లిదండ్రులు తల ఊపుతారు, పిల్లవాడు వారి వెనక నేల చూపులు చూస్తూ నిలబడతాడు. తన గురించే జరుగుతున్న సంభాషణలో అతనికి మాట ఉండదు. మేము ఏడాదిలో ఒక మీటింగును పూర్తిగా పిల్లలకు వదిలేస్తాం. పిల్లవాడు తల్లిదండ్రులను కూర్చోబెట్టి, తన పోర్ట్‌ఫోలియోలోంచి మూడు పనులు చూపించి, ఒకటి బాగా వచ్చింది, ఒకటి ఇంకా రావడం లేదు, ఒకటి వచ్చే నెలలో చేయాలనుకుంటున్నాను అని పదిహేను నిమిషాలు చెబుతాడు. ఉపాధ్యాయుడు పక్కన ఉంటాడు కానీ, అడిగితేనే మాట్లాడతాడు.

దీనికి ముందు తరగతిలో రెండు సార్లు ఒకరికొకరు చెప్పుకుని అలవాటు చేసుకోవాలి. తల్లిదండ్రులకు కూడా ఒక కాగితం ముందుగా పంపిస్తాం: మార్కు ఎంత అని మొదటి పది నిమిషాలు అడగవద్దని, ఇది ఎలా చేశావు అని అడగమని. మాటలు తెలుగులోనే జరగాలని మేము పట్టుబట్టడానికి కారణం ఉంది. పుళియంతోపు, వ్యాసర్పాడి వైపు నుంచి వచ్చే కొందరు తండ్రులు ఇంగ్లీషులో జరిగే మీటింగుల్లో ఏళ్ల తరబడి మౌనంగా కూర్చున్నవారే. కొడుకు తమ భాషలో తన చదువు గురించి చెప్పినప్పుడు, వారు మొదటిసారి ప్రశ్నలు అడిగారు. ఒకాయన మున్సిపాలిటీ పారిశుద్ధ్య పనిలో ఉన్నారు. కొడుకు పళ్లికరణై చిత్తడి నేల గురించి చేసిన ప్రాజెక్టు చూసి, అక్కడి చెత్త దిబ్బ గురించి ఆ అబ్బాయికి తెలియని సంగతులు చెప్పారు. మరుసటి వారం ఆ అబ్బాయి తండ్రి మాటలను రికార్డు చేసి తన ప్రాజెక్టుకు జత చేసుకున్నాడు. పళ్లికరణైకి 2022లో, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చిందన్న విషయం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది, ఆ తండ్రి చెప్పిన సంగతులు అక్కడ దొరకవు.

ఇంట్లో ఒకటే ఫోను ఉంది, అది కూడా పగలంతా పనికి వెళ్లిన నాన్న దగ్గరే ఉంటుంది. అలాంటి పిల్లలు ఏం చేయాలి?

పోర్ట్‌ఫోలియో పని అంతా బడి వేళల్లో, బడి పరికరాలతోనే జరగాలి. దీన్ని హోంవర్కుగా ఇచ్చిన మరుక్షణం అది కలిగిన ఇళ్ల పిల్లలది అయిపోతుంది. తరగతికి ఒక్క ట్యాబు లేదా బడి పేరున ఉన్న ఒక పాత ఫోను ఉన్నా, వంతుల వారీగా నడుస్తుంది. పిల్లలు పనిని కాగితం మీదే చేసి, ఎంపిక చేసిన దాన్ని మాత్రం ఫోటో తీస్తారు. వీడియో కంటే ఆడియో మేలు. ఒక నిమిషం మాట మామూలుగా ఒక ఎంబీ చుట్టూ ఉంటుంది, అదే ఒక నిమిషం ఫుల్ హెచ్‌డీ వీడియో 100 ఎంబీ దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. నెట్ నెమ్మదిగా ఉన్న బడిలో ఈ తేడాయే పని సాగుతుందా లేదా అన్నది తేలుస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్ లేదా యాప్ వాడాలి?

చాలా మంది మొదట అడిగేది ఇదే, నా దృష్టిలో చివరన అడగాల్సినదీ ఇదే. ఒక్కో విద్యార్థికి గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డరు, అందులో పనులు, వాటన్నిటికీ దారి చూపే ఒక డాక్యుమెంటు ఉంటే సరిపోతుంది. కాస్త పెద్ద పిల్లలు గూగుల్ సైట్స్‌తో పేజీలు కట్టుకోవచ్చు. సొంత సర్వర్ ఉన్న సంస్థలు, న్యూజిలాండ్‌లో పుట్టిన మహారా అనే పోర్ట్‌ఫోలియో సాఫ్ట్‌వేర్ వంటివి పరిశీలించవచ్చు.

యాప్‌లు శాశ్వతం కావు. ఎన్నో తరగతుల్లో పిల్లలు వీడియో జవాబులు పెట్టడానికి వాడిన మైక్రోసాఫ్ట్ ఫ్లిప్ విడి యాప్‌గా 2024 జులైలో ఆగిపోయింది. అందరూ కలిసి ఒకే తెర మీద రాసుకునే గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు ఆఖరున మూతపడింది. అందుకని ఏది వాడినా, అందులోని పనులను మామూలు ఫోటో, ఆడియో, పీడీఎఫ్ ఫైళ్లుగా బయటకు తీసుకోవచ్చా అని ముందే చూసుకోండి. తీసుకోలేకపోతే ఆ యాప్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

వాట్సాప్ గ్రూపులో పెట్టించుకుంటే సరిపోదా?

సరిపోదు. ఫోటోల నాణ్యత తగ్గిపోతుంది, నలభై మంది పనులు కలగాపులగం అవుతాయి, అందరి ఫోను నంబర్లు అందరికీ కనిపిస్తాయి, పైగా ఏ పిల్లకు ఎన్ని మెచ్చుకోళ్లు వచ్చాయన్న పోటీ తల్లిదండ్రుల మధ్య మొదలవుతుంది.

తెలుగులో టైపు చేయడం పిల్లలకు కష్టం కదా?

ఫోనులోని తెలుగు కీబోర్డుతో, అందులోని మాటను అక్షరాలుగా మార్చే సదుపాయంతో చాలా వరకు తీరిపోతుంది. మాట రాతగా మారినప్పుడు వచ్చే తప్పులను పిల్లలు తామే సరిదిద్దుకోవడం మంచి భాషాభ్యాసం కూడా. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: రాసింది యూనికోడ్‌లో, అంటే ఏ పరికరంలో తెరిచినా తెలుగు అక్షరాలుగానే కనిపించే పద్ధతిలో ఉండాలి. కొన్నేళ్ల క్రితం మేము పాత డీటీపీ ఫాంటులో పిల్లల కథల సంకలనం తయారు చేశాం. కంప్యూటరు మారగానే అక్షరాలన్నీ అర్థం లేని గుర్తులుగా మారిపోయాయి. ఆ కథలను అచ్చు ప్రతి చూసి మళ్లీ మొదటి నుంచి టైపు చేయాల్సి వచ్చింది. చేత్తో రాసిన తెలుగును ఫోటో తీసి పెట్టడానికి కూడా వెనుకాడవద్దు. చేతిరాత మారుతూ రావడం కూడా పోర్ట్‌ఫోలియో చూపించే ఎదుగుదలలో భాగమే.

పిల్లలు ఏఐతో రాయించి పెడితే ఎలా తెలుస్తుంది?

పూర్తయిన వ్యాసాన్ని మాత్రమే చూస్తే తెలియకపోవచ్చు. పోర్ట్‌ఫోలియోలో మాత్రం పూర్తయిన వ్యాసం ఒక్కటే ఉండదు. చిత్తుప్రతి, కొట్టివేతలు, డాక్యుమెంటులో రోజు వారీగా మార్పులను చూపించే వెర్షన్ హిస్టరీ, కారణం చెప్పిన గొంతు అన్నీ ఉంటాయి. అయినా దీన్ని పోలీసు పనిలా చేయవద్దని నా విన్నపం. సొంత మాటకు విలువ ఉన్న చోట, మార్కుల భయం లేని చోట, అరువు మాట తెచ్చుకోవాల్సిన అవసరం పిల్లలకు తగ్గుతుంది. ఏఐని అడిగి తెలుసుకుంటే, ఏం అడిగారో, దాని జవాబులో దేన్ని ఒప్పుకోలేదో కూడా రాయమంటాం.

పిల్లల సమాచారం భద్రంగా ఉంటుందా? దీన్ని ఎవరు చూడవచ్చు?

విద్యార్థి, అతని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు చూడవచ్చు. ఇంకెవరికైనా చూపించాలంటే విద్యార్థిని అడగాలి, తల్లిదండ్రుల లిఖిత అనుమతి తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారాన్ని వాడుకునే ముందు తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన అంగీకారం తీసుకోవాలని చెబుతుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. మన దేశంలో 13 ఏళ్లు నిండని పిల్లలు సొంతంగా గూగుల్ ఖాతా తెరవకూడదు, కనుక చిన్న తరగతులకు బడి నిర్వహించే ఖాతాలో గానీ తల్లిదండ్రుల పర్యవేక్షణలో ఉన్న ఖాతాలో గానీ పని జరగాలి.

రోజువారీ జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఫోటో ఎక్కడ తీశారో ఆ వివరం ఫైలులోనే నిక్షిప్తమై ఉండవచ్చు. పనిని ఫోటో తీయండి, ముఖాన్ని కాదు. బడి ప్రచారానికి పిల్లల పోర్ట్‌ఫోలియోలోంచి ఏదైనా తీసి వాడుకోవడాన్ని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. ఎందుకంటే ఎవరు చూడాలో నిర్ణయించే హక్కు లేని చోట, అది పిల్లలది అని మనం చెప్పే మాటకు అర్థం ఉండదు.

ఫైళ్లు పోతే ఎలా?

2015 డిసెంబరు వరదలను చూసినవారికి ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో తెలుసు. వేళచ్చేరి, కోట్టూరుపురం, సైదాపేటల్లో ఇళ్లలోకి నీరు వచ్చి, బీరువాల్లోని కాగితాలన్నీ ముద్దయిపోయాయి. పోయిన సర్టిఫికెట్లకు ప్రభుత్వం శిబిరాలు పెట్టి నకళ్లు ఇచ్చింది. మూడో తరగతిలో బిడ్డ రాసిన మొదటి కథకు నకలు ఇచ్చే కార్యాలయం ఎక్కడా లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మాకు అదే భయం మళ్లీ కలిగింది, కానీ అప్పటికి పిల్లల పనులు రెండు చోట్ల ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో ఒక ప్రతి, బడిలోని హార్డ్ డిస్కులో ఒక ప్రతి ఉంచండి. ఆ డిస్కు కింది అంతస్తులో ఉండకూడదు. వ్యక్తిగత గూగుల్ ఖాతాలో ఉచితంగా దొరికేది 15 జీబీ, రెండేళ్లు తెరవకుండా వదిలేసిన ఖాతాను ఆ సంస్థ తొలగించవచ్చు. కనుక పిల్లల పేరున ఖాతా తెరిచి మరిచిపోకండి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఆ తర్వాత పని పేరు పెట్టడం పిల్లలకు మొదటి నుంచే అలవాటు చేస్తే, ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలుస్తాయి.

పదో తరగతిలో కూడా కొనసాగించాలా?

పనుల సంఖ్య తగ్గించి కొనసాగించవచ్చు. మా దగ్గర ఆ ఏడాది తిరగరాసిన జవాబులు, తప్పుల విశ్లేషణ మాత్రమే ఉంటాయి.

విద్యార్థి బడి మారితే పోర్ట్‌ఫోలియో ఏమవుతుంది?

అతనితో పాటు వెళ్లాలి. చెన్నైలో తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం హైదరాబాదుకో బెంగళూరుకో మారడం మామూలే, కనుక ఈ ఏర్పాటు ముందే ఉండాలి. బడి ఖాతాలోని పనులను, ఫైళ్లన్నీ ఒకేసారి బయటకు తీసే గూగుల్ టేకౌట్ సదుపాయంతో గానీ ఫోల్డరును డౌన్‌లోడ్ చేసి గానీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇస్తాం. ఈ పనిని మార్చి నెలలో విద్యార్థి చేతే చేయిస్తాం, ఎందుకంటే ఏది తీసుకువెళ్లాలో, ఏది వదిలేయాలో ఆఖరి ఎంపిక కూడా అతనిదే. కొత్త బడిలో చేరేటప్పుడు టీసీతో పాటు దీన్ని చూపించాలా వద్దా అన్నది కూడా అతని ఇష్టం. పెన్‌డ్రైవ్ ఇచ్చిన వెంటనే మా పని అయిపోయినట్టు కాదు. ఇంట్లో మరో పరికరంలో పెట్టి చూశానని, ఆరో తరగతిలో చదివిన పద్యం కూడా వినిపించిందని పిల్లవాడు వచ్చి చెప్పిన తర్వాతే బడి ఖాతాలోని ప్రతిని తొలగిస్తాం.